ఆర్వీ గ్యాస్ మీద బయట గ్రిడిల్, గ్రిల్, క్యాంప్ స్టవ్ ఎలా నడపాలి

మే నెలాఖరు మెమోరియల్ డే లాంగ్ వీకెండ్ దగ్గర పడితే చాలు, అమెరికాలో ఆర్వీ (వంటగది, పడకలు ఉన్న క్యాంపింగ్ బండి) కొన్న మనవాళ్ళు, అద్దెకి తీసుకున్నవాళ్ళు అందరూ ఇదే అడుగుతారు. ట్రైలర్ ముందు అంతంత ప్రొపేన్ గ్యాస్ సిలిండర్లు రెండు ఉంటే మళ్ళీ ఆ ఒక పౌండ్ చిన్న ఆకుపచ్చ గ్యాస్ బాటిల్స్ ఎందుకు కొనాలి, ఆ గ్యాసే బయట గ్రిడిల్‌కి (పైన పెద్ద పెనం ఉన్న గ్యాస్ పొయ్యి) ఇచ్చుకోలేమా అని. ఇచ్చుకోవచ్చండీ, నిక్షేపంగా ఇచ్చుకోవచ్చు. కానీ ఏదో ఒక గొట్టం ఆన్‌లైన్‌లో కొనేసి తగిలించాక చాలామంది మళ్ళీ వచ్చి మంట దీపం వత్తిలా ఉంది, దోశ పెనం వేడెక్కట్లేదు అంటారు. ఇంకొందరు అంతకంటే ప్రమాదమైన పని చేస్తారు, రెగ్యులేటర్ పీకేసి నేరుగా సిలిండర్‌కే తగిలిస్తారు. రెండింటికీ కారణం ఒకటే కాబట్టి ముందు ఆ ఒక్క ముక్క చెప్పేసి తరవాత పనిలోకి వెళ్దాం.

సిలిండర్ నుంచి బర్నర్ దాకా రెగ్యులేటర్ ఒక్కటే ఉండాలి

సిలిండర్ లోపల ప్రెజర్ ఎండని బట్టి మారుతుంది. 70 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర సుమారు 110 పీఎస్ఐ (చదరపు ఇంచుకి ఇన్ని పౌండ్లని ప్రెజర్ కొలత) ఉంటే 100 డిగ్రీల ఎండలో 170 దాకా పోతుంది. ఆర్వీకి ఉన్న రెగ్యులేటర్ దాన్ని 11 ఇంచెస్ వాటర్ కాలమ్‌కి (తక్కువ ప్రెజర్‌ని కొలిచే లెక్క ఇది) దించుతుంది, పీఎస్ఐలో చెప్పాలంటే 0.4 మాత్రమే. లోపలున్న స్టవ్, ఫ్రిజ్, గీజర్, హీటర్ అన్నీ ఈ ప్రెజర్ మీదే పనిచేస్తాయి. ఇండియాలో ఇంటి సిలిండర్ నెత్తిన టక్కుమని పెట్టే రెగ్యులేటర్ చేసేదీ ఇదే పని, అది ఇచ్చే ప్రెజర్ కూడా ఇంచుమించు ఇంతే.

బయట పెట్టుకునే గ్రిడిల్‌కి గానీ స్టవ్‌కి గానీ చిన్న బాటిల్ తగిలించే చోట దాని సొంత రెగ్యులేటర్ ఒకటి ఉంటుంది. ఆర్వీ రెగ్యులేటర్ దాటి వచ్చిన గ్యాస్‌ని మళ్ళీ ఈ రెగ్యులేటర్‌లోంచి పంపిస్తే 0.4 పీఎస్ఐ ఇంకా తగ్గిపోయి మంట చచ్చిపోతుంది. అలాగని రెండూ లేకుండా సిలిండర్ నుంచి నేరుగా ఇస్తే వంద పీఎస్ఐ పైన ఉన్న గ్యాస్ బర్నర్ మీదకి దూకుతుంది. రెండు రెగ్యులేటర్లుంటే వంట అవ్వదు, అసలు లేకపోతే మనుషులు కాలతారు. అందుకే దారిలో ఒక్కటే. (ఆర్వీ డబ్బాలో టూ స్టేజ్ రెగ్యులేటర్ అని రాసి ఉంటుంది, దాన్ని రెండుగా లెక్కపెట్టకండి, అదంతా కలిపి ఒకటే.)

దీన్ని బట్టి మీకు రెండు దారులున్నాయి.

మొదటిది, ఆర్వీ పక్కన ఉండే క్విక్ కనెక్ట్ (గొట్టం టక్కున తగిలించుకునే గ్యాస్ సాకెట్) నుంచి తీసుకోవడం. అక్కడికొచ్చే గ్యాస్ ఆర్వీ రెగ్యులేటర్ దాటి వచ్చింది కాబట్టి గ్రిడిల్ మీదున్న రెగ్యులేటర్ తీసేయాలి.

రెండోది, సిలిండర్ దగ్గరే ఇత్తడి టీ (మూడు మూతుల జాయింట్) పెట్టి ఆర్వీ రెగ్యులేటర్ కంటే ముందే గ్యాస్ తీసుకోవడం. అప్పుడు స్టవ్ మీదున్న రెగ్యులేటర్ ముట్టుకోకూడదు, అలాగే ఉంచాలి.

మీ దగ్గరున్నది ఏ దారికి పనికొస్తుంది

గొట్టం కొనకముందు ఈ పని చేయండి, చాలామంది ముందు గొట్టం కొంటారు, తరవాత ఇది చదువుతారు. స్టవ్ వెనకో కిందో ఒక రేకు ముక్క మీద గానీ, మాన్యువల్‌లో గానీ ప్రెజర్ రాసి ఉంటుంది. 11 ఇంచెస్ వాటర్ కాలమ్ అనో, డబ్ల్యూసీ అనో ఉంటే అది లో ప్రెజర్ సామాను, మొదటి దారికి పనికొస్తుంది. టేబుల్ మీద పెట్టుకునే బ్లాక్‌స్టోన్ 17, 22 ఇంచుల గ్రిడిల్స్‌ని ఎక్కువమంది ఇలాగే నడుపుతున్నారు, క్విక్ కనెక్ట్ తోనే వచ్చే ఆర్వీ మోడల్స్ కూడా దొరుకుతున్నాయి.

మూత ఎత్తితే రెండు బర్నర్లుండే కోల్‌మన్ తరహా పాత పద్ధతి క్యాంప్ స్టవ్ వేరే కథ. దాని రెగ్యులేటర్ వదిలే ప్రెజరే పది పదిహేను పీఎస్ఐ ప్రాంతంలో ఉంటుంది, బర్నర్ జెట్ రంధ్రం దానికి తగ్గట్టు సన్నగా ఉంటుంది. క్విక్ కనెక్ట్ ఇచ్చేది 0.4. రెగ్యులేటర్ తీసినా తీయకపోయినా అది సరిగ్గా మండదు. దీనికి రెండో దారి ఒక్కటే దిక్కు.

కొన్ని చిన్న గ్రిల్స్‌లో మంట పెంచే తగ్గించే నాబ్, రెగ్యులేటర్ రెండూ కలిపి ఒకటే ముక్కగా వస్తాయి. అది తీసేస్తే మంట కంట్రోల్ కూడా పోతుంది. ఆ మోడల్‌కి కంపెనీయే కన్వర్షన్ కిట్ అమ్ముతుంటే తీసుకోండి, లేకపోతే దానికీ రెండో దారే. మాన్యువల్‌లో రెగ్యులేటర్ మార్చొద్దు అని స్పష్టంగా రాసి ఉన్నా అంతే, వాదన పెట్టుకోకండి.

ఇక బిర్యానీ బ్యాచ్ కోసం. బ్యాక్‌యార్డ్‌లో పాతిక మందికి హండీ పెట్టే పోత ఇనుము బర్నర్, ఎర్ర నాబ్ ఉన్న అడ్జస్టబుల్ రెగ్యులేటర్‌తో వచ్చేది, అది హై ప్రెజర్ బర్నర్. ఆర్వీ క్విక్ కనెక్ట్ మీద అది మండదు, మండేలా చేయడానికి ప్రయత్నించొద్దు. దానికి విడిగా 20 పౌండ్ల సిలిండర్ ఒకటి తీసుకెళ్ళండి, దాని రెగ్యులేటర్ దానికే ఉంచండి, గొడవ లేదు.

కావలసినవి

మొదటి దారికి:
- పావు ఇంచు క్విక్ కనెక్ట్ ప్లగ్ ఒక చివర ఉన్న ప్రొపేన్ గొట్టం, 10 లేదా 12 అడుగులు. ఇంటి గ్రిల్స్‌కి వాడే మూడు బై ఎనిమిది ఇంచు ప్లగ్ చూడటానికి అలాగే ఉంటుంది, ఆర్వీ సాకెట్‌లో పట్టదు.
- రెండో చివర మీ గ్రిడిల్‌కి సరిపోయే అడాప్టర్. ఇది మోడల్ నంబర్ చూసి కొనాలి, అంచనాతో కాదు.

రెండో దారికి:
- సిలిండర్‌కి, ఆర్వీ పిగ్‌టెయిల్ గొట్టానికి (సిలిండర్ నుంచి ఆర్వీ రెగ్యులేటర్‌కి వెళ్ళే పొట్టి గొట్టం) మధ్యలో కూర్చునే ఇత్తడి టీ. దానికి పక్కన చిన్న బాటిల్ మర లాంటి మర ఉన్న మూతి ఒకటి ఉంటుంది.
- రెండు చివరలా ఆ మరకి సరిపోయే హై ప్రెజర్ గొట్టం. గొట్టం మీద 350 పీఎస్ఐ అని అచ్చు వేసి ఉందో లేదో చూస్కోండి. లో ప్రెజర్ గొట్టం ఇక్కడ వాడకూడదు.

రెండింటికీ: రెంచీలు రెండు, గిన్నెలు తోమే లిక్విడ్ సోప్ సగం నీళ్ళు సగం కలిపిన స్ప్రే బాటిల్, పసుపు రంగు గ్యాస్ టేపు. తెల్ల టేపు నీళ్ళ పైపులకి, అది ఇక్కడికి తేవొద్దు. ఆర్వీలో ఉన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ వంట మొదలుపెట్టే ముందు బయటికి తెచ్చి చేతికందే చోట పెట్టుకోండి, డోర్ పక్కన లోపల గోడకి వేలాడితే మంట వచ్చినప్పుడు పనికిరాదు.

కంప్రెసర్ గాలి గొట్టాలకి కూడా ఇలాంటి ఇత్తడి క్విక్ కనెక్ట్‌లే ఉంటాయి. హార్డ్‌వేర్ షాపులో చూసి అరే ఇది రెండు డాలర్లేనే అని దాన్ని తెచ్చి పెట్టేవాళ్ళున్నారు. దాని లోపలి రబ్బరు ప్రొపేన్ కోసం చేసింది కాదు. దయచేసి వద్దు.

మొదటి దారి: క్విక్ కనెక్ట్ నుంచి

1. సాకెట్ ఎక్కడుందో వెతకండి. ఎక్కువగా డోర్ ఉన్న వైపు ఛాసిస్ కింద, లేకపోతే వెనక బంపర్ దగ్గర, బయటి కిచెన్ ఉన్న మోడల్స్‌లో దాని కింద ఉంటుంది. ఇత్తడి సాకెట్, పక్కనే చిన్న హ్యాండిల్ ఉన్న వాల్వ్, మూతికి రబ్బరు క్యాప్. దగ్గరలో ఉన్న లేబుల్ చదవండి, లో ప్రెజర్ ప్రొపేన్ అని రాసి ఉంటుంది. పక్కనే అవుట్‌డోర్ షవర్‌కి కూడా క్విక్ కనెక్ట్ ఉండొచ్చు, చూసి పెట్టండి.

2. గ్రిడిల్ నుంచి రెగ్యులేటర్ విప్పండి. ఒక రెంచీతో గ్రిడిల్ వైపు నట్ గట్టిగా పట్టుకుని రెండో రెంచీతో రెగ్యులేటర్ తిప్పాలి, ఒక్క రెంచీతో తిప్పితే లోపల సన్న పైపు మెలిపడుతుంది. విప్పిన రెగ్యులేటర్ పారేయకండి, ఒక జిప్‌లాక్‌లో వేసి గ్రిడిల్ తోటే ఉంచండి, ఆర్వీ లేకుండా పార్కుకి వెళ్ళిన రోజు మళ్ళీ చిన్న బాటిల్‌కి అదే కావాలి.

3. అడాప్టర్ బిగించండి. ఇక్కడ టేపు గురించి అందరూ తికమక పడతారు. మర చివరికి వెళ్ళేకొద్దీ సన్నబడుతూ ఉంటే అది పైపు మర, దానికి పసుపు టేపు రెండు మూడు చుట్లు చుట్టాలి, మొదటి మర వదిలేసి, లేకపోతే టేపు ముక్క లోపలికి పోయి జెట్‌లో ఇరుక్కుంటుంది. చివర నున్నటి ఏటవాలు ఇత్తడి ముఖం ఉంటే అది ఫ్లేర్ ఫిట్టింగ్, అక్కడ లోహం లోహాన్ని నొక్కి సీల్ అవుతుంది కాబట్టి టేపు అసలు పెట్టకూడదు, పెడితే అదే లీకవుతుంది.

4. గ్రిడిల్‌ని దాని చోట పెట్టండి. ఆర్వీ గోడకి ఆనించి కాదు, ఆనింగ్ (బండి పక్కకి చాపే గుడ్డ పందిరి) కింద కాదు. ఆర్వీ ఫ్రిజ్ గ్యాస్ మీద నడుస్తుంటే బయట గోడకున్న జాలీ వెనక చిన్న మంట వెలుగుతూ ఉంటుంది, గీజర్ కూడా అంతే, అందుకని ఆ జాలీల ముందు పెట్టొద్దు. గొట్టం ఎంత పొడవుంటే అంత దూరం జరపండి, కానీ మనుషులు నడిచే దారికి అడ్డంగా పోకుండా. పిల్లలు సైకిల్ తొక్కుతూ ఆ గొట్టం మీదకే వస్తారు.

5. గ్రిడిల్ నాబులన్నీ ఆఫ్‌లో ఉన్నాయా చూడండి. ఆర్వీ పక్కనున్న వాల్వ్ కూడా మూసి ఉండాలి. హ్యాండిల్ పైపుకి అడ్డంగా ఉంటే మూసినట్టు, పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు.

6. సాకెట్ రింగ్ వెనక్కి లాగి ప్లగ్ లోపలికి నెట్టండి, రింగ్ వదిలితే టక్కుమని ముందుకి రావాలి. రాగానే గొట్టం పట్టుకుని ఒకసారి లాగి చూడండి. ఊడి చేతికొస్తే సరిగ్గా పడలేదని. చాలా సాకెట్లలో ప్లగ్ పూర్తిగా పడితే తప్ప వాల్వ్ తిరగదు, అది భద్రత కోసమే, బలం పెట్టి తిప్పకండి.

7. సిలిండర్ నెమ్మదిగా తెరవండి. నెమ్మదిగా అంటే నిజంగానే నెమ్మదిగా. గబుక్కున తెరిస్తే గొట్టం తెగింది అనుకుని లోపలి సేఫ్టీ గ్యాస్‌ని దాదాపు ఆపేస్తుంది, అప్పుడు మంట ఎంత పెంచినా పెరగదు. తరవాత పక్క వాల్వ్ తెరవండి.

8. వెలిగించే ముందు లీకు చూడండి. కింద విడిగా రాశాను.

9. మూత తెరిచి ఉంచి వెలిగించండి. కొత్త గొట్టంలో గాలి ఉంటుంది కాబట్టి మొదటిసారి కొంచెం లేటవుతుంది. ఐదు సెకన్లలో వెలగకపోతే నాబ్ ఆపేసి, మూత తెరిచే ఉంచి, ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ ప్రయత్నించండి. నాబ్ తెరిచిపెట్టి టకటకా ఇగ్నైటర్ నొక్కుతూ కూర్చోవడం వల్లే కనుబొమ్మలు కాలేది.

వంట అయ్యాక వెనక నుంచి ముందుకి రండి. ముందు ఆర్వీ పక్క వాల్వ్ మూయండి, గొట్టంలో మిగిలింది మండిపోయి మంట దానంతటదే ఆరిపోతుంది, అప్పుడు నాబులు ఆపి, గొట్టం తీసి, సాకెట్‌కి క్యాప్ పెట్టేయండి. క్యాప్ పెట్టకుండా హైవే మీద వెళ్తే బురద, ఇసుక అంతా ఆ సాకెట్‌లోకే.

రెండో దారి: సిలిండర్ దగ్గర టీ పెట్టి

ఇది సిలిండర్ చేత్తో విప్పి తీయగలిగే ట్రైలర్స్‌కి. సొంత ఇంజన్ ఉండే క్లాస్ ఏ, క్లాస్ సీ మోటర్‌హోమ్స్‌లో ట్యాంక్ ఛాసిస్‌కే బిగించేసి ఉంటుంది, వాటికి వేరే కిట్ వస్తుంది. దాన్ని ఆర్వీ టెక్నీషియన్‌తో పెట్టించుకోండి, బండి కిందకి దూరి మీరు చేయొద్దు.

1. సిలిండర్లు రెండూ మూసేయండి. లోపల స్టవ్ మీద ఒక బర్నర్ వెలిగించి పైపులో మిగిలింది మండిపోనివ్వండి. ఫ్రిజ్, గీజర్, హీటర్ ఆపేయండి.

2. సిలిండర్‌కి తగిలి ఉన్న పిగ్‌టెయిల్ పెద్ద ప్లాస్టిక్ నట్ చేత్తో విప్పండి. అది మామూలుగానే ఎడమకి తిప్పితే వస్తుంది. ప్లాస్టిక్ నట్ కాకుండా ఇత్తడి నట్ ఉండి అది సిలిండర్ లోపలికి వెళ్తుంటే అది పాత రకం, దాని మర ఉల్టా తిరుగుతుంది, టీ కూడా వేరే కొనాలి.

3. టీని సిలిండర్‌కి, పిగ్‌టెయిల్‌ని టీకి చేత్తో బిగించండి. రెంచీ పెట్టి ప్లాస్టిక్ నట్ బిగిస్తే అది పగులుతుంది.

4. హై ప్రెజర్ గొట్టం ఒక చివర టీ పక్క మూతికి, రెండో చివర స్టవ్ రెగ్యులేటర్ మూతికి. చిన్న బాటిల్ ఎలా తిప్పి పెడతామో అలాగే, చేత్తో గట్టిగా. ఆ మూతి లోపల చిన్న పిన్ను ఉంటుంది, గొట్టం ఎక్కాకే గ్యాస్ వదులుతుంది. అక్కడుండే సన్న రబ్బరు రింగ్ చెక్కుచెదరకుండా ఉందా చూడండి, చాలా లీకులు అక్కడివే.

5. సిలిండర్ నెమ్మదిగా తెరిచి, లీకు చూసి, వెలిగించండి.

ఈ గొట్టంలో ఉన్నది పూర్తి సిలిండర్ ప్రెజర్ అని మర్చిపోకండి. కోసుకుపోయినా కాలినా మొదటి దారి గొట్టంలా బుసబుసలాడి ఊరుకోదు. అందుకే రాత్రి పడుకునే ముందు గొట్టం తీసేసి మూతికి క్యాప్ పెట్టండి, బండి కదిలేటప్పుడైతే ఎట్టి పరిస్థితుల్లోనూ ఉండకూడదు. ఇంకోటి, హై ప్రెజర్ గ్యాస్ రబ్బరు గొట్టంలో నిలవుంటే రబ్బరులోని జిడ్డు కరిగి రెగ్యులేటర్‌లోకి చేరుతుంది, కొంతకాలానికి అది మూసుకుపోతుంది. వాడనప్పుడు గొట్టం తీసేస్తే ఆ బాధా తగ్గుతుంది.

నా మాటైతే, మీ గ్రిడిల్ లో ప్రెజర్‌దైతే మొదటి దారే పెట్టుకోండి, ప్రశాంతంగా ఉంటుంది. క్యాంప్ స్టవ్ కోసమే ఇదంతా చేస్తుంటే, టీ బదులు విడిగా 5 పౌండ్ల చిన్న రీఫిల్ సిలిండర్ ఒకటి కొనుక్కుని దానికీ స్టవ్‌కీ మధ్య ఇదే హై ప్రెజర్ గొట్టం పెట్టుకోవడం ఇంకా సులువు, బండి జోలికే వెళ్ళక్కర్లేదు. అప్పుడు ఆ గొట్టం ఒక చివర సిలిండర్‌కి పట్టే పెద్ద నట్ ఉన్నది తీసుకోవాలి.

లీకు చూడటం

బర్నర్లు ఆఫ్, సిలిండర్ ఆన్. సబ్బు నీళ్ళు ప్రతి జాయింట్ మీదా కొట్టండి: సిలిండర్ నట్, టీ, సాకెట్, ప్లగ్, అడాప్టర్, గొట్టం రెండు చివర్ల ఇత్తడి మూతులు. అర నిమిషం ఓపిగ్గా చూడండి. పెద్ద లీకు వెంటనే నురగ కడుతుంది, చిన్నది మాత్రం ఆవగింజంత బుడగలు ఒక్కొక్కటే పెరుగుతూ వస్తాయి, గాలికి ఆరిపోయేలోపు కనిపించకపోవచ్చు. అందుకే గాలి లేని వైపు నిలబడి చూడండి.

బుడగ వస్తే సిలిండర్ మూసి, విప్పి, మళ్ళీ బిగించి, మళ్ళీ చూడండి. గ్యాస్ ఆన్‌లో ఉండగా రెంచీతో బిగించొద్దు. రెండోసారీ వస్తే ఆ ముక్క మార్చేయడమే. లైటర్‌తో గానీ అగ్గిపుల్లతో గానీ చూడొద్దని చెప్పాల్సిన అవసరం లేదనుకుంటాను కానీ చెప్తున్నాను.

ప్రొపేన్ గాలి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువు, కిందకి దిగి నేల మీద పాకుతుంది. నిలబడి వాసన చూస్తే తెలియకపోవచ్చు, వంగి చూడాలి. ఆర్వీలో గ్యాస్ డిటెక్టర్ నేలకి దగ్గరగా పెట్టేది కూడా అందుకే. బయట వండుతున్నా సరే అది కూస్తే ముందు సిలిండర్ మూయండి, కారణం తరవాత వెతుక్కోవచ్చు.

సరిగ్గా మండుతోందా లేదా

మంట నీలంగా, మధ్యలో చిన్న శంకువులు స్పష్టంగా, చప్పుడు లేకుండా నిలకడగా ఉండాలి. కొసల్లో కాస్త పసుపు ఉన్నా పర్వాలేదు. పగటి ఎండలో నీలం మంట కనపడదు, చెయ్యి అడ్డం పెట్టి నీడలో చూడండి.

ఫుల్లో పెట్టినా మంట పొట్టిగా, సోమరిగా ఉంటే ఈ వరసలో చూస్కుంటూ రండి. మొదట, గ్రిడిల్ రెగ్యులేటర్ తీశారా? ఎక్కువసార్లు ఇక్కడే దొరుకుతుంది. తీసే ఉంటే సిలిండర్ గబుక్కున తెరిచారేమో, అన్నీ మూసి ఒకటి రెండు నిమిషాలు ఆగి మెల్లగా తెరవండి. అప్పటికీ రాకపోతే సిలిండర్ ఖాళీ కావొచ్చింది, రెండు సిలిండర్ల బండైతే ఆటో చేంజోవర్ (ఒక సిలిండర్ అయిపోతే రెండోదానికి మార్చే రెగ్యులేటర్) దగ్గర చిన్న కిటికీలో ఎర్రగా ఉందేమో చూడండి. ఇవేవీ కాకపోతే బర్నర్ పైపులో సాలెగూడు. నవ్వకండి, ప్రొపేన్‌కి కలిపే ఆ వాసన కొన్ని సాలీళ్ళకి ఇష్టమంటారు, చలికాలమంతా మూలన పడున్న గ్రిల్ పైపుల్లో గూళ్ళు కడతాయి. సన్న బ్రష్ పెట్టి తీసేయండి.

మంట బర్నర్ నుంచి ఎగిరి పైన తేలుతున్నా, హోరుమని శబ్దం వస్తున్నా ప్రెజర్ ఎక్కువైంది. వెంటనే ఆపండి. రెగ్యులేటర్ లేకుండా హై ప్రెజర్ గొట్టం తగిలించారేమో చూడండి.

అనుమానం తీరకపోతే ఒక లీటరు నీళ్ళు పెట్టి చూడండి. గంటకి 10,000 బీటీయూ (వేడి కొలత) ఇచ్చే బర్నర్ మీద మూత పెట్టిన గిన్నెలో, గాలి లేకపోతే ఐదారు నిమిషాల్లో మరగాలి. అదే గిన్నె, అదే నీళ్ళు చిన్న బాటిల్ మీద ఒకసారి, ఆర్వీ గ్యాస్ మీద ఒకసారి చూస్తే తేడా ఉందో లేదో తేలిపోతుంది. ఇంటి డ్రైవ్‌వేలో చేయండి ఈ పరీక్ష, క్యాంప్‌గ్రౌండ్‌లో చీకటిపడ్డాక కాదు.

ఎత్తు ప్రదేశాల్లో మాత్రం మంట కొంచెం తగ్గడం సహజం. గాలి పలచబడుతుంది కాబట్టి ప్రతి వెయ్యి అడుగులకి నాలుగు శాతం దాకా పవర్ తగ్గుతుందని లెక్క వేసుకుంటారు. ఎల్లోస్టోన్ లేక్ దగ్గర 7,700 అడుగుల పైనే, అక్కడ నీళ్ళు కూడా 212 కాకుండా 198 డిగ్రీల ఫారన్‌హీట్ ప్రాంతంలోనే మరిగిపోతాయి, అన్నం గిన్నెలో పెడితే పలుకు మిగిలిపోతుంది. రెగ్యులేటర్‌ని అనుమానించకుండా కుక్కర్ పెట్టండి.

ఎంత గ్యాస్ పడుతుంది

ఒక పౌండ్ బాటిల్‌లో సుమారు 21,600 బీటీయూలుంటాయి. 22 ఇంచుల గ్రిడిల్ రెండు బర్నర్లూ ఫుల్లో పెడితే గంటకి 24,000 తాగుతుంది, అంటే బాటిల్ గంట కూడా రాదు, నలుగురికి దోశలు పోసేసరికి అయిపోతుంది. 20 పౌండ్ల సిలిండర్‌లో 4.7 గ్యాలన్లు, దాదాపు 4,30,000 బీటీయూలు, అదే గ్రిడిల్ ఫుల్లో పదిహేడు పద్దెనిమిది గంటలు నడుస్తుంది. షాపు ముందు బోనులో పెట్టి అమ్మే ఎక్స్‌చేంజ్ సిలిండర్లలో సాధారణంగా 15 పౌండ్లే నింపుతారు, అందుకే రీఫిల్ చేసే చోట నింపించుకుంటే లాభం. కానీ చలి ఊళ్ళలో అదే సిలిండర్ రాత్రి హీటర్‌కి కూడా కావాలి కదా, రెండో సిలిండర్ నిండుగా ఉందో లేదో చూస్కుని దోశల పార్టీ పెట్టుకోండి.

తరచూ అడిగే మిగతావి

*ఇండియా నుంచి తెచ్చిన రెండు బర్నర్ల స్టవ్ పెట్టుకోవచ్చా?* ప్రెజర్ వరకు చూస్తే దగ్గరగానే ఉంటుంది, అక్కడి రెగ్యులేటర్ ఇచ్చేది సుమారు 12 ఇంచెస్. అందుకే మండుతుంది, మండుతుంది కాబట్టి అందరూ సై అంటారు. కానీ దాని గొట్టం నాజిల్ మీదకి నెట్టి పెట్టేదే తప్ప మర ఉండదు, ఇక్కడి గొట్టాలకి కలపాలంటే ఏదో ఒక అతుకు వేయాలి. ఆ అతుకు మీద నాకు నమ్మకం లేదు. ఇక్కడి సర్టిఫికేషన్ కూడా ఉండదు, ఏమైనా అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు ముందు అడిగేది అదే.

*అద్దె ఆర్వీ అయితే?* కాంట్రాక్ట్ చదవండి, బయట గ్రిల్ గురించి తరచూ ఒక లైన్ ఉంటుంది. క్విక్ కనెక్ట్ ఉంటే ఓనర్‌ని అడిగి వాడుకోండి. లేకపోతే వాళ్ళ గ్యాస్ పైపు మీద ఒక్క నట్ కూడా విప్పొద్దు, చిన్న బాటిల్ గానీ విడి సిలిండర్ గానీ తీసుకెళ్ళండి.

*వర్షం వస్తోంది, గ్రిడిల్ లోపలికి తెచ్చుకోవచ్చా?* వద్దు. తలుపు తీసి ఉంచినా, కిటికీలు తీసి ఉంచినా, స్క్రీన్ టెంట్ అయినా వద్దు. బయట వాడమని చేసిన పొయ్యి లోపల మండితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి వాసన ఉండదు, తలనొప్పి వచ్చేసరికే ఆలస్యమైపోతుంది. లోపల స్టవ్ ఉంది కదా, ఆ పూట ఉప్మా చేసుకోండి.

*ఫైర్ బ్యాన్ ఉంటే?* కట్టెల మంట ఆపినప్పుడు కూడా ఆన్ ఆఫ్ వాల్వ్ ఉన్న గ్యాస్ పొయ్యికి చాలా చోట్ల అనుమతి ఉంటుంది, కానీ చోటుని బట్టి మారుతుంది కాబట్టి ఎంట్రన్స్ బోర్డు చూడండి, అర్థం కాకపోతే రేంజర్‌ని అడగండి.

*వంటయ్యాక గ్రిడిల్ బయటే వదిలేయొచ్చా?* ఎలుగుబంట్లుండే చోట వదలకూడదు. ఎల్లోస్టోన్‌లో వాడనప్పుడు తిండే కాదు, కూలర్, స్టవ్, గ్రిల్ కూడా బండి లోపలో, ఇనప పెట్టెలోనో పెట్టాలని రూల్ ఉంది. నూనె పట్టిన గ్రిడిల్ వాసన వాటికి మైలు దూరం నుంచి తెలుస్తుంది. కాబట్టి ఆరాక తుడిచి లోపల పెట్టే టైం కూడా లెక్కలో వేసుకోండి, రాత్రి తొమ్మిదికి వండటం మొదలుపెడితే పదకొండుకి వేడి పెనం పట్టుకుని నిలబడతారు.

*ఖాళీ అయిన చిన్న బాటిల్స్‌ని పెద్ద సిలిండర్ నుంచి నింపుకోవచ్చా?* దానికి అడాప్టర్లు అమ్ముతున్నారు కానీ మామూలు ఆకుపచ్చ బాటిల్ ఒక్కసారి వాడటానికే చేసింది. దాన్ని నింపి బండిలో తీసుకెళ్ళడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరమని బాటిల్ మీదే రాసి ఉంటుంది. నింపాక వాల్వ్ సరిగ్గా మూసుకోకుండా సన్నగా లీకయ్యేవి చాలా ఉంటాయి. నింపుకోవడానికే చేసిన ఒక పౌండ్ బాటిల్స్ విడిగా దొరుకుతాయి, అవి కొనుక్కోండి. కాలిఫోర్నియాలో అయితే 2028 జనవరి 1 నుంచి ఒక్కసారి వాడే చిన్న బాటిల్స్ అమ్మకమే ఆపేస్తున్నారు. ఖాళీ బాటిల్స్ ఇంటి చెత్తబుట్టలో వేయకండి, క్యాంప్‌గ్రౌండ్‌లో వాటికి వేరే డబ్బా ఉందేమో చూడండి, లేకపోతే మీ కౌంటీ హజార్డస్ వేస్ట్ సెంటర్‌లో ఇవ్వాలి.